ఇరవై మూడు చెట్లకు ఒక్క చీర

“ఎవురు నాటిన సెట్లకు ఎవురు నంబర్లు ఏస్తా ఉండారు సారూ? విత్తనం ఏసింది మా తాతోళ్లు. బిందెలు మోసి నీళ్లు పోసింది మా అవ్వోళ్లు. మీ ఆఫీసోళ్లు ఒక్క చెంబుడు పోసినారా? మేకలు మేయకుండా ఒక్క ముళ్లకంప అడ్డం ఏసినారా? పెయింటు డబ్బా చేతికి దొరికితే సాలు, కనిపించినదానికల్లా నంబరేసి సంపేయడమేనా? మీరు ఇంజనీర్లా, యముడి కాడ గుమాస్తాలా?”

పంకజాక్షి చేతిలో బారెడు కుంచె ఉంది. దాన్నుంచి గంజి బొట్లు బొట్లుగా కారుతోంది. ఆ బొట్లు బూట్ల మీద పడకుండా రోడ్ల శాఖ ఏఈ రెండడుగులు వెనక్కి వేశాడు. అతని వెనక కాంట్రాక్టర్ గిరిప్రసాద్. గిరిప్రసాద్ వెనక ఎర్ర పెయింటు డబ్బా పట్టుకున్న కూలివాడు. వాడు అప్పటికే రోడ్డుకు తూర్పు వరసలోని పన్నెండు కానుగ చెట్లకూ నంబర్లు వేసేసి, పడమటి వరసలో పదకొండింటికి వేయడానికి మళ్లాడు.

తమిళుల ఆషాఢం, ఆడి నెల వచ్చినా నగరిలో ఎండ తగ్గలేదు. పొద్దున ఏడున్నరకే తారు రోడ్డు సెగ కక్కుతోంది. చెట్ల కింద మాత్రం ఇంకా తెల్లవారనట్టే ఉంది. ఆ నీడలో పంకజాక్షి, ఆమె మొగుడు దేవేంద్ర, ఇంకో నాలుగిళ్ల వాళ్లు పడుగు సాగదీసుకొని ఉన్నారు. మగ్గానికి ఎక్కించే ముందు నిలువు దారాలన్నిటినీ బారుగా లాగి కట్టి, గంజి పట్టించి, రెండు పక్కలా మనుషులు ఒకే అడుగుగా నడుస్తూ కుంచెలతో దువ్వుతారు. తడి ఆరేదాకా దువ్వుతూనే ఉండాలి. మధ్యలో ఆపితే దారాలన్నీ అంటుకొని మోకు అయిపోతాయి. ఎండలో చేస్తే గంజి పెళుసెక్కి దారం పుటుక్కుమంటుంది. గాలి ఆడాలి, ఎండ తగలకూడదు. ఆ పనికి కానుగ నీడను మించిన షెడ్డు ఏ ఇంజనీరూ కట్టలేదు, కట్టలేడు. ఈ వీధి పెద్దలు చదువుకోలేదు గానీ ఆ సంగతి తెలిసినవాళ్లు. ఊరి బయట రోడ్డుకు అటూ ఇటూ కానుగలు నాటారు. ఊరికే నాటలేదు. పడుగు పొడవు కొలిచి, ఒక వరస కింద ఒక పడుగు నిండుగా పట్టేట్టు నాటారు.

“ప్రభుత్వ స్థలమమ్మా ఇది,” అన్నాడు ఏఈ, పిల్లలకు పాఠం చెప్పినట్టు. “రోడ్డు వెడల్పు చేస్తున్నాం. ఒకటి కొట్టేస్తే రెండు నాటాలని రూలుంది. ఏర్పేడు అవతల స్థలం కూడా చూశారు.”

“ఏర్పేడా!” అంది పంకజాక్షి. “నగిరి యాడ, ఏర్పేడు యాడ? పడుగు బుజానేసుకోని బస్సెక్కి పోయి, ఆడ ఆరబెట్టుకోని రమ్మంటావా?”

“పో మే,” అంది కుప్పమ్మ రోడ్డు మీద కాయలేరుకుంటూ. “ఆడోళ్లకి బస్సు ఊరికేనంట గదా. పడుక్కి మటుకు టికెట్టు కొడతారేమో కనుక్కో.”

కుంచెలు పట్టుకున్నవాళ్లందరూ నవ్వారు. కుప్పమ్మకు డెబ్బై దాటాయి. రాలిన కానుగ కాయలు ఏరి, ఎండబెట్టి, గింజలు గానుగకు వేసి బతుకుతుంది. నూనె దీపాలకు పోతుంది, పిండి వంగతోటలకు ఎరువుగా పోతుంది.

“ఒకటికి రెండంట!” పంకజాక్షి వదల్లేదు. “నీ కన్నతల్లిని తీసుకపోయి, ఒకరికి ఇద్దరు పసిబిడ్డల్ని ఇస్తామంటే ఊరుకుంటావా సారూ? ఆ బిడ్డలు పెద్దయ్యి నీకి అన్నం పెట్టేదెప్పుడు?”

“మే, పడుగు ఆరిపోతా ఉండాది,” అన్నాడు దేవేంద్ర తల ఎత్తకుండా. దేవేంద్ర ఎవరితోనూ తగువు పడే మనిషి కాదు. తగువు వచ్చే చోట కుంచె ఇంకొంచెం గట్టిగా లాగుతాడు, అంతే.

పంకజాక్షి మళ్లీ అడుగు కలిపింది. దువ్వుతూనే చూసింది. తూర్పు వరస వెనకాల కొత్తగా లేచిన ప్లాట్ల కంచె ఉంది. తెల్లటి రాతి కూసాలు, రంగు జెండాలు, లోపల గడ్డి కూడా మొలవని ఎర్రమట్టి. రోడ్డు వెడల్పుకు ఆ కంచె రెండు గజాలు వెనక్కి జరిగితే పడమటి వరస మొత్తం మిగులుతుంది. కళ్లున్న ఎవడికైనా తెలుస్తుంది. ఆ కూసాలలో ఒక్కదానికీ ఎర్ర నంబరు లేదు.

ఆ సాయంత్రం వీధి పెద్ద వరదయ్య ఇంటి అరుగు మీద అందరూ కూర్చున్నారు. అర్జీ రాద్దామని ఒకరన్నారు. అర్జీలు రాసిన చేతులకు కాయలు కాశాయి గానీ, చదివిన కళ్లు ఏవీ లేవని ఇంకొకరన్నారు. రోడ్డు వస్తే కొట్లు వస్తాయి గదా అని మరొకరు నసిగారు. వరదయ్య వక్క నములుతూ అందరి మాటలూ విన్నాడు. ఏమీ తేల్చకుండా వినడమే ఆయన పెద్దరికం.

“మామా, మా పుట్టింటి కాడ ఇట్లే అయ్యింది,” అంది పంకజాక్షి. “చంద్రగిరి పక్కన. యాపసెట్టు కొట్టేదానికి మిషను తెచ్చినారు. ఆడోళ్లు పోయి సెట్టుకి సీర కట్టి, పసుపు పూసి, గంగమ్మా అన్నారు. మిషనోడు దండం పెట్టి ఎనక్కి పోయినాడు. రోడ్డే వంగింది. ఈ పొద్దుకీ వంకరగానే ఉండాది.”

అరుగంతా కదిలింది.

“మాట బాగుండాది,” అన్నాడు వరదయ్య. “గవర్నమెంటు మన మాట ఇనదు గానీ అమ్మోరికి దడుస్తాది.”

“ఆడి శుక్రవారానికని నేసిన సీర మగ్గం మింద నుంచి నిన్ననే కోసినాను,” అంది పంకజాక్షి. ఆ వీధిలో ఆడి నెలలో కోసిన మొదటి చీర గంగమ్మకు ఇస్తారు. పసుపు నేత, ఎర్రంచు, సన్నటి ఎనభయ్యో నంబరు నూలు. ఆమె పన్నెండు రోజులు నేసింది. “గుళ్లో ఇచ్చేది సెట్టుకే ఇస్తాం. తూర్పు వరస మొదట్లో పెద్ద కానుగ ఉండాది గదా, దానికి కడతాం.”

“మరి తక్కిన ఇరవై రెండిటికీ?” అని అడిగింది కుప్పమ్మ, చీకట్లో కూర్చోని.

“అమ్మోరు కూసున్న తోపుని ఎవురు ముట్టుకుంటారవ్వా? ఇంట్లో ఒక్క దీపం పెడితే సాలదా? గది గదికీ పెడతామా?”

అందరూ ఔనన్నారు. కుప్పమ్మ ఒక్కతే గోతం దులుపుకొని లేచి వెళ్లిపోయింది.

శుక్రవారం పొద్దున చెట్టు మొదట్లో నీళ్లు చల్లి ముగ్గు వేశారు. పంకజాక్షి కానుగ చుట్టూ మూడుసార్లు తిరిగి చీర కట్టింది. బొదెకు పసుపు పూసి, కుంకుమ బొట్లు పెట్టింది. ఒకటో నంబరు పసుపు కింద పోయింది. వేపాకు తోరణాలు, అంబలి కుండలు, సాంబ్రాణి పొగ. ఒకామెకు పూనకం కూడా వచ్చింది. వీధి వీధంతా అంబలి తాగి, మూతులు తుడుచుకుంటున్న సమయానికి ఏఈ జీపు, గిరిప్రసాద్ కారు వచ్చి ఆగాయి.

పంకజాక్షి చెట్టుకు అడ్డంగా నిలబడింది. ఆ అవసరమే రాలేదు. గిరిప్రసాద్ కారు దిగుతూనే చెప్పులు విడిచాడు. నడుముకు తువ్వాలు చుట్టుకున్నాడు. నేల మీద బోర్లా పడి సాష్టాంగం పెట్టాడు. లేచి, చెంపలు వేసుకొని, “అమ్మోరు ఉండాదని తెలీక నంబరేసినాం తల్లీ, తప్పు కాసుకో,” అన్నాడు. పొర్లుదండం పెట్టినవాడి చొక్కాకు అంటినంత దుమ్ము కావాలనే అంటించుకున్నాడు. దులుపుకోలేదు.

“వరదన్నా, ఈ సెట్టును ముట్టుకునే ప్రశ్నే లేదు,” అన్నాడు. “అంతే గాదు. గద్దె నేను కట్టిస్తా. టైల్సు ఏయిస్తా, సుట్టూ గ్రిల్లు పెట్టిస్తా. అమ్మోరు ఎండకీ వానకీ ఉండాల్సిన పనేముంది?”

చెట్టుకు ఎండావానా ఎందుకన్న మనిషిని ఆ పూట ఒక్కరూ నిలదీయలేదు. చప్పట్లు కొట్టారు. ఏఈ ఫోను తీసి, “అందరూ చెట్టు దగ్గర నిలబడండి, ఫైలుకు ఫొటో కావాలి,” అన్నాడు. వీధంతా నిలబడింది. ముందు వరసలో వరదయ్య, పక్కన పంకజాక్షి. చెట్టు చీర కుచ్చిళ్లు సర్ది మరీ నిలబడింది. ఫొటోలో చీర బాగా పడాలని.

“సూసినావా అవ్వా,” అంది ఆమె తిరిగొస్తూ కుప్పమ్మతో. “ఎట్లా దండం పెట్టినాడో!”

“సూసినా,” అంది కుప్పమ్మ. “దండం పెట్టేటప్పుడు తూరుపు వరసంతా లెక్కబెట్టుకుంటా ఉండినాడు. అది గూడా సూసినా.”

ఆదివారం పొద్దున ఆరు గంటలకు రంపం మోగింది.

పంకజాక్షి పరుగెత్తేసరికి రెండో చెట్టు నేల మీద ఉంది. మూడో చెట్టుకు మోకులు కట్టారు. ఒకటో చెట్టు పసుపు చీరలో పెళ్లికూతురిలా నిలబడి ఉంది. దాని పక్క నుంచే, దాని కొమ్మల కింద నుంచే మనుషులు రంపాలు మోసుకుంటూ నడుస్తున్నారు. ఒకడు దాని ముందు ఆగి, దండం పెట్టుకొని, నాలుగో చెట్టుకు వెళ్లాడు.

“ఆపండ్రా! అమ్మోరి తోపురా ఇది!”

“అమ్మోరి సెట్టు ఆడుండాదమ్మా, ముట్టుకోలేదు,” అన్నాడు రంపంవాడు. వాడి కళ్లలో మోసమేమీ లేదు. చెప్పిన పని చేస్తున్నాడు.

మధ్యాహ్నానికి పదకొండు చెట్లు పడ్డాయి. కోసిన బొదెల నుంచి పచ్చి వాసన, చేదు వాసన. కూలిన కొమ్మల మీద తేనెటీగలు ఎటు పోవాలో తెలియక గిరగిరా తిరిగాయి. గోరింక పిల్లలు రెండు రెక్కలు మొలవకుండానే తారు మీద పడి, టిప్పరు చక్రం కిందికి పోయాయి. ఎవరూ ఆగలేదు. ఆగకపోవడమే కాదు. గంట కూడా కాకముందే వీధిలోంచి కొడవళ్లు వచ్చాయి. శుక్రవారం పూనకం వచ్చినామె అందరికంటే ముందు వచ్చింది. నాకు ఈ కొమ్మ, నీకు ఆ కొమ్మ అని పొయ్యి కట్టెల కోసం జుట్లు పట్టుకున్నారు. చచ్చిన పశువు దగ్గర కుక్కలకైనా ఒక వరస ఉంటుంది. వీళ్లకు అదీ లేదు.

పంకజాక్షి ఇంటికి వచ్చేసరికి పెరట్లో ఒక మోపు ఉంది.

“ఎవురు తెచ్చినారు?”

దేవేంద్ర నేల చూపులు చూశాడు. “ఎట్లాగూ నరికేసినారు గదా మే. మనం తేకపోతే ఇంకొకరు…”

ఆమె మోపు తాడు తెంపి, కొమ్మలు ఒక్కొక్కటిగా వీధిలోకి విసిరింది. వాళ్ల మీద అసహ్యమో, ఈయన మీద అసహ్యమో, తన మీదనో తేల్చుకోలేకపోయింది.

మర్నాడు ఏఈ సైటుకు వస్తే జీపు తలుపు పట్టుకుంది. “అమ్మోరి తోపని తెలిసీ నరికిస్తారా?”

అతను కోప్పడలేదు. కోప్పడితే బాగుండేది. ఫోను తీసి, ఫొటో తెరిచి, ఆమె ముఖం ముందు పెట్టాడు. వీధంతా నిలబడి ఉంది. వెనకాల వరసగా చెట్లు. ఒక్కదానికే చీర.

“మీరే గదమ్మా కట్టారు? ఎన్నింటికి కట్టారు? ఒకదానికి. ఆ ఒకటీ వదిలేశాం. మిగతా ఇరవై రెండింటికీ మీకు ఏ అభ్యంతరమూ లేదని రాసుకున్నాం. ఉంటే వాటికీ కట్టేవాళ్లే గదా? ఈ ఫొటో లేకపోతే మాకూ భయంగానే ఉండేది. పడమటి వరస శనివారం తీసేస్తాం.”

జీపు వెళ్లిపోయింది. ఫొటోలో చూసిన తన ముఖమే పంకజాక్షి కళ్ల ముందు నిలిచింది. నవ్వుతూ ఉంది.

మంగళవారం పడుగు సాగదీశారు. వేరే దారి లేదు, నూలు ఎన్నాళ్లని మూటలో ఉంటుంది? తూర్పు పక్కనే, ఎప్పుడూ నిలబడే చోటే నిలబడ్డారు. నెత్తిన ఆకాశం తప్ప ఏమీ లేదు. గంజి పట్టించి నాలుగుసార్లు అటూ ఇటూ నడిచేలోపలే పొద్దు మీదికి వచ్చింది. కుంచె కింద దారాలు గరగరమన్నాయి. పుటుక్, పుటుక్. దేవేంద్ర వంగి ఒకటి ముడివేసేలోపల మూడు తెగాయి. అంతలో క్వారీ టిప్పర్లు వరసగా ఆరు వచ్చాయి. ఇన్నాళ్లూ ఆ దుమ్మంతా ఆకులు తాగాయి. ఇప్పుడు తాగే ఆకు లేదు. తెల్లటి రాతిపొడి లేచి, తడి పడుగు మీద మెత్తగా కూర్చుంది. తుడిస్తే అంటుకుంది, కడిగితే గంజి పోతుంది. బూడిద రంగు పడుగు. ఈ పడుగుతో నేసిన గుడ్డను శవానికి కప్పినా, శవం లేచి తిడుతుంది.

“అమ్మేద్దాం మే,” అన్నాడు దేవేంద్ర. చేతిలో తెగిన దారాల గుత్తి ఉంది. “మగ్గం తీసేద్దాం. శ్రీసిటీలో కంపెనీలకు మనుషుల్ని ఎత్తకపోతా ఉండారు. వ్యాను ఇంటి కాడికే వస్తాదంట.”

ఇరవై ఆరేళ్లుగా అదే మగ్గం గుంతలో కాళ్లు పెట్టుకొని కూర్చున్న మనిషి ఆ మాట అన్నాడు. పంకజాక్షి కుంచె కింద పెట్టింది. రోడ్డు దాటి పడమటి వరస కిందికి వెళ్లింది. అక్కడ నీడ ఉంది. చేయి చాపింది. చేతి మీద చల్లగాలి, ఆకులు ఊపిరి వదిలినట్టు. పదకొండు చెట్లు. ఆ వరస పక్కనే కాలవ ఉందని ఎవరూ అక్కడ పడుగు వేయరు. ఒక చివర నుంచి ఇంకో చివరకు అడుగులు వేసుకుంటూ నడిచింది. ఒక పడుగు పొడవు. సరిగ్గా.

గురువారం గద్దె కట్టడం మొదలైంది. గిరిప్రసాద్ మాట తప్పలేదు. ఇలాంటి మాటలు వీళ్లు తప్పరు. ఒకటో చెట్టు చుట్టూ మూరెడు లోతు తవ్వారు. అడ్డం వచ్చిన వేర్లను గొడ్డలితో నరికి పక్కన పడేశారు. మనిషి తొడంత లావు వేరు ఒకటి తెల్లగా, తడిగా పడి ఉంది. కంకర పోసి, సిమెంటు పోసి, బొదెకు ఇంత సందు కూడా లేకుండా నున్నగా మెత్తారు. కొమ్మకు మేకులు కొట్టి ట్యూబులైటు కట్టారు. ‘దాత: గిరిప్రసాద్’ అని బోర్డు ఎప్పుడో వచ్చేసింది. గద్దె కంటే ముందు వచ్చింది.

పంకజాక్షి సాయంత్రం అటుగా వెళ్లేసరికి చెట్టుకు కొత్త చీర ఉంది. తళతళమనే నకిలీ సిల్కు, మెరుపు పూలు. తన చీర కోసం చుట్టూ చూసింది. కనిపించింది. సిమెంటు పగుళ్లివ్వకుండా తడిపి కప్పుతారే, ఆ గోనెపట్టలకు బదులు దాన్ని గద్దె మీద పరిచారు. పన్నెండు రోజుల నేత. ఎర్రంచు మీద బూట్ల గుర్తులు. ఒక కూలి పైపు పట్టుకొని దాని మీద నీళ్లు కొడుతున్నాడు.

“ఏమప్పా, సెట్టుకి పోస్తా ఉండావా నీళ్లు?”

“సెట్టుకి కాదక్కా, సిమెంటుకి.”

ఆమె పైకి చూసింది. చిటారు కొమ్మల్లో ఆకులు వాలిపోయి ఉన్నాయి. కుప్పమ్మ పక్కకు వచ్చి నిలబడింది. “మింద తలకాయకి సీర కట్టి, కింద గొంతుకి ఉరేసినారు,” అంది. “ఒక ఎండాకాలం. అంతే.”

పంకజాక్షి చుట్టూ చూసింది. ఇసక కుప్ప పక్కన గడ్డపార ఉంది. తీసుకుంది. తన చీర లాగి పక్కన పడేసి, పచ్చి సిమెంటులోకి గడ్డపార దించింది. పెళ్లలు లేచాయి. కూలి అరిచాడు. నాలుగో దెబ్బకు వీధి వచ్చింది.

“అమ్మోరి గద్దె పగలగొడతావా! నీ చేతులు పడిపోనూ!”

“అమ్మోరు యాడుండాదో సూపించండి!” గడ్డపార ఆపలేదు. “ఈడుండేది కానుగసెట్టు! దానికి దప్పికేస్తా ఉండాది! నీళ్లు పోయే దావ మూసేసి టైల్సు ఏస్తారా? ట్యూబులైటు తాగి బతుకుతాదా ఇది?”

“సీర కట్టమన్నది నువ్వే గదే!” అని ఎవరో గట్టిగా అన్నారు.

ఆ మాటకు గడ్డపార ఆగింది. నిజం. చీర కట్టి దేవతను చేస్తే గానీ చెట్టును చెట్టుగా చూడలేమని వీధికి నేర్పింది తనే. నీడ అని చెప్పాల్సింది, పని అని చెప్పాల్సింది, ఊపిరి అని చెప్పాల్సింది. గంగమ్మా అని చెప్పింది. వాళ్లకు గంగమ్మ దక్కింది. చెట్టు పోతోంది.

“నేనే అన్నా,” అంది. “నా తప్పే. అందుకే నేనే పగలగొడతా ఉండా.”

నలుగురు పట్టి లాగారు. వరదయ్య వక్క ఉమ్మి, ఇన్నాళ్లకు ఒక మాట తేల్చి చెప్పాడు. “ఈపొద్దు నుంచి ఆ ఇంటోళ్ల పడుక్కి ఎవురూ కుంచె పట్టొద్దండి. అమ్మోరికి అపచారం సేసిన చేయి.”

పడుగు పని ఇద్దరితో అయ్యేది కాదు. ఎనిమిది మందైనా ఉండాలి. కుంచె పట్టకపోవడమంటే ఆ వీధిలో అన్నం పెట్టకపోవడమే. దేవేంద్ర ఆమె చేయి పట్టుకొని ఇంటికి తీసుకుపోయాడు.

శనివారం తెల్లారుతుండగా పంకజాక్షి రెండు కుండల గంజి కాచింది. మిగిలిన నూలంతా పోసి కట్టిన పడుగు ఉండను నెత్తిన పెట్టుకుంది. అది పాడైతే మళ్లీ పడుగు చేయడానికి ఇంట్లో పోగు లేదు.

“యాడికి మే?” అన్నాడు దేవేంద్ర.

“పడమటి వరసకి.”

“కుంచె పట్టేదానికి ఎవురు వస్తారు?”

ఆమె కుంచె చంకలో పెట్టుకొని, రెండు చేతులా కుండలు ఎత్తుకొని బయటికి నడిచింది.

పన్నెండో చెట్టూ లేదు, పదకొండో చెట్టూ లేదు. పదమూడో నంబరు నుంచి మొదలు పడమటి వరస. ఆ బొదెకు పడుగు కొస కట్టింది. కుప్పమ్మ గోతం పక్కన పెట్టి వచ్చి, అడగకుండానే పడుగును పైకి ఎత్తి పట్టే కత్తెర కర్రలు నిలబెట్టింది. పంకజాక్షి ఉండ విప్పుకుంటూ, చెట్టు చెట్టుకూ రోడ్డు వైపు అడ్డంగా, నడుమెత్తులో లాగుతూ పోయి, ఇరవై మూడో నంబరు బొదెకు రెండో కొస బిగించింది. రెండు వేల పోగులు, పదకొండు చెట్ల ముందు ఒక తెల్లటి గోడ. గాలికి కదిలే గోడ.

రంపాల వ్యాను వచ్చి ఆగింది. గిరిప్రసాద్ కారు వెనకే. “ఏందక్కా ఇది! తీసేయ్. పనోళ్లకు కూలి పడతా ఉండాది.”

పంకజాక్షి కుండలోని గంజి పడుగు మీద పోసింది. ఒక చివర నుంచి ఇంకో చివరకు, కుండంతా. రెండో కుండ కూడా. తర్వాత వీధి వైపు తిరిగి, రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకొని కేక వేసింది.

“పడుగు తడిసిందీ! పడుగు తడిసిందీ!”

ఆ వీధిలో ఆ కేకకు ఒక కట్టుబాటు ఉంది. ఎప్పటిదో ఎవరికీ తెలియదు. తడిసిన పడుగును వదలకూడదు. ఎవరిదైనా సరే, పగవాడిదైనా సరే. కొట్టుకుంటున్నవాళ్లు కొట్లాట ఆపి వస్తారు, చావింట్లోంచి కూడా ఒక మనిషి వస్తాడు. అంటుకుపోయిన పడుగు ఇంట్లో పీనుగతో సమానం. సాగిన పడుగును ఎవడూ దాటకూడదు, కింద దూరకూడదు. అది ఊళ్లో పుట్టిన ప్రతి బిడ్డకూ తెలుసు. రంపం కూలీలలో ఇద్దరు పక్కనే ఉన్న నేతగాళ్ల ఊరు ఏకాంబరకుప్పం వాళ్లు. వ్యాను దిగి, పడుగు దాకా వచ్చి, అక్కడ ఆగిపోయారు.

“దాటండ్రా!” అన్నాడు గిరిప్రసాద్.

“తడి పడుగు సామీ,” అన్నాడు ఒకడు. “మా అమ్మ ఊరుకోదు.”

పంకజాక్షి ఒక్కతే దువ్వడం మొదలుపెట్టింది. ముప్పై అయిదు గజాల పడుగుకు ఒక్క మనిషి. ఇటు దువ్వుతుంటే అటు ఆరుతోంది. నుదుటి చెమట కళ్లలోకి కారింది. తుడుచుకోవడానికి చేయి ఖాళీ లేదు. పోగులు అక్కడక్కడా దగ్గరికి జరుగుతున్నాయి. కనిపిస్తోంది. వీధి వైపు చూడలేదు. చూస్తే చేయి ఆగుతుంది.

అవతలి పక్క ఒక కుంచె పడింది. దేవేంద్ర. ఆమె అడుగుకు అడుగు కలిపాడు. అతని పెదవులు బిగిసి ఉన్నాయి. గిరిప్రసాద్ వైపు తలెత్తి చూశాడు, దించలేదు.

తర్వాత ఇంకో కుంచె. చీర కట్టిన రోజు పూనకం వచ్చినామె. “నీ మొకం సూసి రాలేదు మే,” అంది ముఖం పక్కకు తిప్పుకొని. “పడుగు తడిసింది, అందుకని.” తర్వాత ఇద్దరు, తర్వాత నలుగురు. తిట్టుకుంటూ వచ్చారు, తిట్టుకుంటూనే దువ్వారు. చివరికి వరదయ్య వచ్చాడు. ఎవరి వైపూ చూడకుండా ఒక తెగిన పోగు పట్టుకొని, వేళ్లతో పురి పెట్టి అతికాడు. ఆ వేళ్లకు ఎనభై ఏళ్లు. ఎండ పైకి వచ్చింది. నీడ కదల్లేదు. ఆ తర్వాత ఒక్క దారం తెగిన చప్పుడు లేదు. కాసేపటికి వరదయ్య తలెత్తి, కొమ్మల వైపు చూశాడు. “సల్లగుండాది,” అన్నాడు. ఆ మాట మొదటిసారి అన్నట్టు.

జీపు వచ్చింది. ఏఈ దిగి పడుగు దాకా వచ్చాడు. అతనూ దాటలేదు. ఎందుకు ఆగాడో అతనికే తెలియనట్టుంది.

“అమ్మా, ఇదంతా రాతపూర్వకంగా…”

“అదే సెప్తా ఉండా, రాయి సారూ,” అంది పంకజాక్షి. కుంచె ఆపలేదు, నడుస్తూనే చెప్పింది. “ఫొటోలు తీసేది నీకి బాగా తెలుసు గదా, తీసుకో. పదకొండు సెట్లు, ఒక పడుగు, వీధంతా మనుషులు. ఒక్కదానికీ సీర లేదు, సూసుకో. ఇది గూడా ఫైల్లో పెట్టు. అబ్యంతరం ఉండాదని రాయి. ఒక్క సెట్టుకి గాదు, పదకొండిటికీ. నీకి రోడ్డు కావాలంటే ఆ ప్లాట్ల కంచె పీకి అటు జరుపుకో. కూసాలకి నంబర్లు ఏసే పెయింటు లేకపోతే నేనిస్తా. ఆ ఒకటో సెట్టు మొదట్లో సిమెంటు ఈపొద్దే పగలగొట్టించు, దాని సుట్టూ మనిషి పొడుగున మన్ను ఇడిసిపెట్టు. మీరు నరికిన పదకొండిటికీ గుంతలు తవ్వించు. ఏర్పేడులో గాదు. ఈడ, యాడ నరికినారో ఆడ. కానుగే నాటాల, పూలమొక్కలు గాదు. ఏ సెట్టుకి ఎవురు నీళ్లు పోస్తారో మా పేర్లు రాసుకో, మేం పోస్తాం. ఎవురు నరికితే ఎవురి ఉజ్జోగం పోతాదో మీ పేర్లు గూడా రాయి. రేపు గాదు, పైనుంచి సంతకం రావాలని గాదు. ఇప్పుడు రాయి. ఈ పడుగు తడి ఆరేలోపల రాయి.”